కట్టు పడని చోటు

తిరుపతినుండి పుత్తూరు మీదుగా చెన్నపట్టణమునకు పోవు రాజమార్గమున వడమాలపేట దాటి కొంత దూరము సాగిన ప్రయాణికునకు, బాటకు ఇరుప్రక్కల నున్న మామిడితోపులకంటెను, చెఱకుమళ్లకంటెను, దూరమున నీలముగ గానవచ్చు కొండవరుసకంటెను ముందుగ, ఎదురువచ్చు బస్సులలోను ఆటోలలోను వంగని చేతులతో, చాచిన కాళ్లతో, తెల్లని గుడ్డకట్లతో కూర్చున్న మనుష్యులే కన్నుల బడుదురు. ఈ సీమలో కట్టు అను మాటకు విశేషణ మక్కఱలేదు. బయటివారు దానిని పుత్తూరు కట్టు అందురు గాని, ఆ విద్య పుట్టి పెరిగినది పుత్తూరునకు సమీపమున, ఈశ్వరాపురము నానుకొనిన రాచపాళెమున. పేరు పెద్ద ఊరికిని, శ్రమ చిన్న ఊరికిని పంచిపెట్టుట లోకవ్యవహారమున క్రొత్త గాదు.

1881వ సంవత్సర ప్రాంతమున కేశవరాజు అను నాతడు వేటకు బోయి, కొట్టిన కుందేటిని అడవిలో దొరకిన ఆకులతో చుట్టి యింటికి దెచ్చి విప్పిచూడగా, దాని విఱిగిన యెముకలు కూడుకొని యుండెననియు, ఆ ఆశ్చర్యముతో నాతడు మరల అడవికి బోయి ఆ ఆకేదో గుర్తుపట్టి తెచ్చెననియు ఆ వంశమువారు తరతరములుగా చెప్పుకొను కథ. కుందేటి మాట నమ్మినను నమ్మకున్నను, అటుపిమ్మట జరిగినది కథ గాదు: నూఱేండ్లకు మించి ఆ కుటుంబమువారు విఱిగిన చోటును వ్రేళ్లతో తడవిచూచి, ఎముకను తావున నిలిపి, ఆకుపసరును కోడిగ్రుడ్డు తెల్లసొనను పూసి, వెదురుబద్దల నమర్చి, గుడ్డతో బిగియగట్టి పంపుచునే యున్నారు, ఆంధ్రదేశమునుండియే గాక తమిళ కన్నడ సీమలనుండియు జనులు వచ్చుచునే యున్నారు. ఎముకల వైద్యులు ఈ కట్టును గూర్చి చెప్పు ఆక్షేపణలును త్రోసిపుచ్చదగినవి కావు. బిగువు మీఱినచో రక్తప్రసారము నిలిచి అవయవమునకే మోసము వచ్చును. తోలు చీలి ఎముక బయటబడిన గాయమునకు పసరు చాలదు. అయినను, సాధారణమైన విఱుపును కదలనీయక పట్టియుంచినచో ప్రకృతియే దానిని అతుకునను మూలసూత్రమున రాచపాళెము వారికిని వైద్యకళాశాల వారికిని భేదము లేదు.

ఇంతటి విద్యకును ఒక ఎల్ల కలదు. నేను వ్రాయదలచినది ఆ ఎల్లను గూర్చియే. వెదురుబద్ద నిలుచుటకు విఱిగిన తావునకు పైన నొక కీలు, క్రింద నొక కీలు కావలెను; ఆ రెండింటిని బంధించుటయే కట్టులోని కిటుకు. చేతికిని, కాలికిని ఇది చెల్లును. ముఖమున అట్టి తావే లేదు. చితికిన కన్నును ఏ పసరును కూర్పజాలదు. రాలిన పన్ను ఏ తెల్లసొనకును అంటుకొనదు. శరీరమున కట్టు పడని చోటు ముఖమే కాగా, దానిని మాత్రమే మనుష్యుడు ఎల్లకాలము బట్టబయలుగా నుంచుకొని తిరుగుచుండుట విచిత్రము గదా! యుద్ధమునకు బోవు రాజు శిరస్త్రాణము ధరించెను. రథమెక్కిన వీరుడు కవచము తొడిగెను. దేవాలయములలో స్వామికి వెండికవచమును చేయించి పెట్టిన భక్తులున్నారు. ఆటకు బోవు పిల్లవానికి మాత్రము తల్లి నూనె రాసి, తలదువ్వి, బొట్టుపెట్టి పంపెను.

మా పల్లెలలో బిళ్లంగోడు ఆడని మగపిల్లవాడు అరుదు. జానెడు కఱ్ఱముక్కను ఇరుకొనల చెక్కి, నేలమీది గుంటపై అడ్డముగ పెట్టి, మూరెడు కోలతో దాని కొన నొక్కి పైకెగురగొట్టి, గాలిలో నుండగానే మరల బలముగ కొట్టి పంపుట ఆట. ఎదుట నిలుచున్నవాడు దానిని పట్టవలెను. పట్టుటకు తల యెత్తి చూడవలెను. చూచుటకు కన్నులు తెఱచి యుంచవలెను. అరుగుమీద కూర్చున్న తాత "రేయ్, కంట్లో పడుతుందిరా, దూరంగా పోయి ఆడుకోండి" అని కేకవేయును. ఆ కేక తప్ప ఆ ఆటకు వేఱు రక్షణశాస్త్రము లేకుండెను. దూరముగ పోయి ఆడినను ఎవని కంటనో పడనే పడును గాని, అప్పుడు తాతకు కనబడదు. కంటి చుట్టును ప్రకృతి యొక ఎముకల గట్టును కట్టి యుంచినది. పెద్ద బంతి తగిలినచో ఆ గట్టే దెబ్బను చాలవఱకు తాను తినును. బిళ్లవంటి చిన్నదియు మొనగలదియు వచ్చినచో, గట్టును దాటి గూటిలో దూరును. ఆటవస్తువు చిన్నదైనకొలది కంటికి అపాయము పెద్దదగుట ఇందువలననే.

దెబ్బ తినుట మగతనమను భావ మొకటి దీనికి తోడయినది. నాగపురమున తెలుగు కుటుంబమున 1895లో జన్మించి, 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు మొట్టమొదటి టెస్టు జట్టునకు నాయకుడైన కొఠారి కనకయ్య నాయుడుగారిని గూర్చి క్రికెట్ పెద్దలు చెప్పుకొను కథ ఒకటి కలదు. ఆయన ఏబది యేండ్లు దాటిన పిమ్మట రంజీ పోటీలో బొంబాయికి చెందిన ఫడ్కర్ వేసిన వేగపు బంతి నోటికి తగిలి పండ్లు రాలగా, వైద్యుని దగ్గఱకు రానీయక, పిచ్‌మీది పండ్లను బ్యాటుతో ప్రక్కకు ఊడ్చి, ఆట సాగింపుమనెనట. విన్నప్పుడెల్ల మన ఛాతి ఉప్పొంగును. కాని ఆ కథను పదేండ్ల పిల్లవానికి చెప్పి, చేతికి బ్యాటిచ్చి పంపిన తండ్రి, తన కొడుకు పండ్లు ఎవరివో తాను మఱచినట్లే లెక్క.

ఈ భావమునకు మిక్కిలి తీవ్రమైన రూపమును, దానిని చట్టము గెలిచిన తీరును చూడవలెనన్నచో మన ఎండలనుండి చాలదూరము, ఏఱులు గడ్డకట్టు కెనడాకు పోవలెను. ఐసు అనగా సైకిలుమీది డబ్బాలో వచ్చు పాలయిసు, సేమియాఐసు తప్ప వేఱొకటి యెఱుగని మనకు, ఐసుమీద కత్తిచెప్పులతో జారుచు ఆడు హాకీ ఒక గంధర్వక్రీడవలె తోచును. 1875 మార్చి 3వ తేదీన మాంట్రియల్ నగరమున విక్టోరియా స్కేటింగ్ మందిరమున, కప్పుక్రింద, ప్రేక్షకుల యెదుట, నియమబద్ధముగ జరిగిన ఆటతో దాని చరిత్ర మొదలిడుదురు. నాడు కొయ్యబిళ్లతో ఆడిరి. పిమ్మట అది గట్టి రబ్బరుబిళ్ల యయ్యెను. పక్ అనబడు ఆ బిళ్ల మూడంగుళముల వెడల్పు, అంగుళము మందము, సుమారు 170 గ్రాముల బరువు గలది. ఎగిరెగిరి పడకుండుటకై ఆటకు ముందు దానిని మంచులో గడ్డకట్టింతురు. 1960 ప్రాంతములనుండి వంపుదిరిగిన కఱ్ఱలు వాడుకలోకి రాగా, నేలబారుగ జారవలసిన ఆ బిళ్ల, గాలిలో ఎటు తిరుగునో కొట్టినవానికే తెలియని బాణమయ్యెను. మన బిళ్లంగోడు ఇనుమడించి, మంచుమీద పరుగెత్తినట్లనుకొనుడు.

అట్టి ఆటలో కూడ గోలు కాయువాడు ఎనుబది యేండ్లకు పైగ వట్టిముఖముతో నిలిచెను. 1927లో క్వీన్స్ విశ్వవిద్యాలయమున ఎలిజబెత్ గ్రాహమ్ అను యువతి, కత్తిసాములో వాడు తీగముసుగును ధరించి గోలు కాచెను. ముసుగు వేసికొనిన మొదటివారిలో నొకతె స్త్రీ యగుట, పౌరుషప్రతిష్ఠ ఆమెకు అడ్డు రాకపోవుటచేతనే యని నా యూహ. 1930లో క్లింట్ బెనెడిక్ట్ అనువాడు ముక్కు పగిలి తోలుముసుగు కట్టుకొనెను గాని, చూపున కడ్డమని కొలదిదినములకే విడిచెను. టెర్రీ సాచక్ అను మేటి గోలురక్షకుని ముఖమున నాలుగువందలకు మించి కుట్లు పడెనని చెప్పుదురు. కుట్లను లెక్కపెట్టుకొనుట ఆ వృత్తిలో బిరుదులను లెక్కపెట్టుకొనుట వంటిది.

1959 నవంబరు 1వ తేదీ రాత్రి న్యూయార్కున ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ మాంట్రియల్ గోలురక్షకుడైన జాక్ ప్లాంట్ ముఖమును చీల్చెను. ప్లాంట్ లోపలికి బోయి కుట్లు వేయించుకొని, అప్పటికే తాను అభ్యాసవేళల ధరించుచుండిన ఫైబర్‌గ్లాస్ ముసుగుతో గాని మరల బరిలోకి రానని కూర్చుండెను. శిక్షకుడైన టో బ్లేక్‌నకు ముసుగనిన గిట్టదు. చూపు తఱుగుననియు, ధైర్యము జాఱుననియు ఆతని వాదము. కాని ఆ కాలపు జట్లకు రెండవ గోలురక్షకుడు వెంటరాడు. గత్యంతరము లేక ఒప్పుకొనెను. ప్లాంట్ జట్టు ఆ రాత్రి గెలుచుటయే గాక, ముసుగుతోనే వరుసగ అనేక ఆటలు ఓటమి లేక సాగించెను. ధైర్యవాదము అంతటితో ఓడవలసినది, ఓడలేదు. ప్లాంట్ ఆడిన వృత్తిపరుల లీగున చివరి వట్టిముఖపు గోలురక్షకుడు 1974వఱకు ఆడెను. ఒక్క మనుష్యుని దృష్టాంతము పదునైదేండ్లపాటు ఇంటింటికి తిరిగి బిచ్చమెత్తవలసి వచ్చినదన్నమాట.

పిల్లల విషయము వేఱుగ నడిచినది. టొరంటోలో టామ్ పాష్‌బీ అను కంటివైద్యుడుండెను. 1959లోనే తన కొడుకు హెల్మెట్ లేక ఆడుచు మంచుమీద పడి తలకు బలమైన దెబ్బ తగిలించుకొనగా, ఆయన దృష్టి ఈ ఆటమీదికి మఱలెను. ఆయన గావించిన పని చూచుటకు అతి సామాన్యము: దేశమందలి కంటివైద్యులకు జాబులు వ్రాసి, హాకీ ఆడుచు కన్ను దెబ్బతీసికొని వచ్చినవారెందఱో, ఎట్లు తగిలినదో, చూపు నిలిచినదో పోయినదో లెక్క తెప్పించెను. 1974-75 ఆటకాలమొక్కదానిలోనే 250కి పైగా కంటిగాయములు తేలెను. వానిలో 43 కన్నులు గ్రుడ్డివయ్యెను. గాయపడినవారిలో వృత్తిపరులు కొందఱే, పెక్కుమంది బడిపిల్లలు. అంతవఱకు ఒక్కొక్క తల్లి తన యింటి దుర్దశగా ఏడ్చుకొనినది, లెక్క కట్టగానే దేశపు దుర్దశగా కనబడెను. పక్‌కంటె పైకెత్తిన కఱ్ఱలవలననే అధికముగ గాయములగుచున్నవని కూడ ఆ లెక్కలే తెలిపెను గనుక, కఱ్ఱను ఎత్తుటను శిక్షించు నియమమును బిగించిరి.

పాష్‌బీ కెనడా ప్రమాణసంస్థ సంఘమున కూర్చుండి ముఖకవచమునకు కొలతలు నిర్ణయింపజేసెను. కఱ్ఱకొన దూఱరానంత దగ్గఱగ ఉక్కుతీగల నల్లిన పంజరమో, పగులని పారదర్శకపు పలకయో, నుదుటినుండి గడ్డమువఱకు కప్పవలెను. 1970 తరువాతి దశాబ్దము ముగియునప్పటికి కెనడాలోను అమెరికాలోను పిల్లల హాకీయందు ఈ పూర్తిముఖకవచము తప్పనిసరి యయ్యెను. ఆ తీగపంజరమును చిత్రమున చూచినప్పుడు నాకు తోచినది మా కళ్లములలో నూర్పిడివేళ ఎద్దుల మూతికి కట్టు చిక్కము. ఎద్దు గింజ తినకుండుటకు చిక్కము; పిల్లవాడు దెబ్బ తినకుండుటకు పంజరము. ఎద్దు నడిగి చిక్కము కట్టలేదు. పిల్లల నడిగియు కట్టలేదు. అడిగియుండినచో ఏమగునో పెద్దల చరిత్రయే చెప్పుచున్నది.

ఆక్షేపణలు రాలేదని కాదు. ఉక్క పోయుననిరి, కాళ్ల దగ్గఱి పక్ కనబడదనిరి, పిల్లలు పిఱికివారగుదురనిరి. మఱికొందఱన్న మాటలో కొంత సారము కూడ కలదు: ముఖమునకు భయము లేనివాడు ఎదుటివానిమీదికి తలవంచి దూకునని. 1980 తరువాత కెనడాలో మెడవెన్ను గాయములు హెచ్చుటను టొరంటోకు చెందిన ఛార్లెస్ టేటర్ అను శస్త్రవైద్యుడు లెక్కలతో చూపినప్పుడు, ఆ దోషమును ముసుగుమీద మోపినవారుండిరి. వెనుకనుండి త్రోసి గోడకు గొట్టుటను గట్టిగ నిషేధించినది ఆ చర్చ పిమ్మటనే. కవచము కన్నును కాచెను గాని బుద్ధిని ఇయ్యలేదు. ఆ పని దానిది గాదు. కంటి సంగతి మాత్రము నిస్సందేహము: ప్రమాణమునకు తగిన పూర్తికవచము ధరించిన పిల్లలలో చూపు పోవుట ఇంచుమించు లేకయే పోయినది, పిమ్మటి కాలపు లెక్కలలో గ్రుడ్డివైన కన్నులు దాదాపు అన్నియు వట్టిముఖములవారివో, సగము పలకవారివో.

ఇక పెద్దలు. 1968 జనవరిలో మిన్నెసోటా జట్టువాడైన బిల్ మాస్టర్టన్ హెల్మెట్ లేని తల మంచుకు తగిలి రెండు దినములకు మరణించెను. అయినను వృత్తిపరుల లీగు హెల్మెట్‌ను నిర్బంధము చేయుటకు పదకొండేండ్లు పట్టినది. అదియు 1979 జూన్ 1వ తేదీ తరువాత ఒప్పందము వ్రాసినవారికి మాత్రమే. అంతకు ముందున్నవారు తమ జుట్టును గాలికి ఎగురవేసికొనుచు ఆడి, ఒక్కరొక్కరుగ తప్పుకొనిరి. క్రెయిగ్ మక్‌టావిష్ అను కడపటివాడు 1997లో విరమించెను. కన్నులమీది సగముపలక విషయమున 2013లో మరల అదే ఉపాయము: ఇరువదియైదు ఆటలైనను నిండనివారికి నిర్బంధము, పాతవారికి ఇష్టము. పెద్దల పట్టును గెలువలేని చట్టము వారి వార్ధక్యమునకై వాకిట కాచుకొని కూర్చుండును. మఱియు నొక విడ్డూరము: పంజరములోనే ఆట నేర్చి పెరిగిన కుఱ్ఱవాడు పెద్దల లీగున అడుగుపెట్టగానే మొట్టమొదట గావించుపని ఆ పంజరమును ఊడదీయుట. మీసము మొలిచినందుకు గుర్తుగా కన్నును పందెమొడ్డుట! అంతర్జాతీయ సమాఖ్య పదునెనిమిదేండ్లు నిండనివారికిని, స్త్రీలకు వయోభేదము లేకయు పూర్తికవచమును విధించియున్నది. పురుషుడు మాత్రము పదునెనిమిది నిండినంతనే దెబ్బలు తినుటకు అధికారము పొందును.

ఆ నియమము క్రిందనే మన దేశపు బాలికలును ఆడుచున్నారు. లడక్‌లో చలికాలమున గడ్డకట్టిన చెఱువులమీద సైనికులును పల్లెవారును పెంచిన ఈ ఆటకు చెందిన భారత సంఘము 1989లో అంతర్జాతీయ సమాఖ్యలో చేరెను. స్త్రీల జట్టు 2016లో తొలిసారి అంతర్జాతీయ పోటీ కేగి, 2025లో ఆసియా కప్పున కాంస్యపతకము గెలుచుకొనెను. ఆట సాగింపదగిన మంచు అరుదైన దేశమున ఆ పతకపు విలువ వేఱుగ చెప్పవలయునా?

మనకు మంచు లేకున్నను నేలమీది హాకీ కలదు. పూర్తిముఖకవచము ధరించు ఆటగత్తెయు మా సీమలోనే పుట్టినది. నాటి చిత్తూరు జిల్లా యర్రావారిపాళెము మండలమున 1990లో జన్మించిన ఏతిమరపు రజని భారత స్త్రీల హాకీజట్టు గోలురక్షకురాలై, 2017 ఆసియా కప్పు గెలిచిన జట్టునందును, 2018 జకార్తా ఆసియా క్రీడలలో రజతము పొందిన జట్టునందును ఉండెను. 1956, 1960, 1964 ఒలింపిక్ క్రీడలలో భారతదేశమునకు గోలు కాచిన శంకర్ లక్ష్మణ్ కాలమున ముఖమునకు అడ్డమనునది లేదు; కాళ్లకు మెత్తలు, చేతులకు తొడుగులు, పిమ్మట దైవము. నేడు ఆ తావున నిలుచువారికి శిరఃకవచమును, కాళ్ల మెత్తలును లేనిదే నియమములు ఒప్పుకొనవు. 160 గ్రాముల గట్టిబంతి పెనాల్టీ కార్నరున గంటకు నూఱు కిలోమీటర్ల వేగమును దాటి వచ్చునప్పుడు ఒప్పుకొనరాదు కూడ. అందువలన నొక చిన్న చిక్కు వచ్చినది. పత్రికలలో పడు ఆటచిత్రములలో మా అమ్మాయి ముఖము కనబడదు. తీగలు మాత్రమే కనబడును. సన్మానసభలో దండ వేయునప్పుడు గాని ఊరివారు ఆమెను ఆనవాలు పట్టలేరు. కుట్లు లేని ఆ ముఖమును చూచి, ఇంత పెద్ద ఆటలు ఆడినదన్న గుర్తేది అని ఎవరైన అడిగినచో, గుర్తు లేకపోవుటయే గుర్తని చెప్పవలెను.

వడమాలపేట బాటకు మరల వత్తును. ఒకనాడు రాచపాళెమునకు వచ్చినవారు చింతచెట్టుమీదినుండి జాఱినవారు, బావిగట్టున కాలుమడతపడినవారు, ఎద్దు కుమ్మినవారు. నేడు పెక్కుమంది మోటారుసైకిలుమీదినుండి పడినవారు. 1988 మోటారువాహనముల చట్టము 129వ సెక్షను హెల్మెట్‌ను విధించియే యున్నది. 2019లో దానిని సవరించి, నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని తప్పనిసరియని వ్రాసిరి. ఇక్కడ మాత్రము కెనడా క్రమము తలక్రిందులైనది: తండ్రి తలమీద టోపీవంటి సగము హెల్మెట్, తల్లి తలమీద కొంగు, నడుమ కూర్చున్న పిల్లవాని తలమీద ఏమియు లేదు.

మొన్న ఆ దారిని పోవుచు కట్టుకై వచ్చినవారి వరుస ప్రక్కన కొంతసేపు నిలిచితిని. కుడిచేతిని మెడకు వ్రేలాడగట్టుకొని ఇరువదేండ్ల కుఱ్ఱవాడొకడు చెట్టునీడన కూర్చుండెను. నొసటను చెంపను తోలు లేచిపోయినది. ఎడమచేతి మోచేతికి గీతయైన పడని నల్లని హెల్మెట్ తగిలించుకొని యుండెను. "ఇది ఎక్కడుండె నాయనా అప్పుడు?" అని అడిగితిని. "ట్యాంకు మీదే ఉండింది సార్" అని చెప్పి, లోపలినుండి తనను పిలిచినట్లు వినబడగా, దానిని నేలమీద పెట్టుటకు చేయి వంగక, నా కందించి లోపలికి బోయెను.